సారు ఇచ్చిన డబ్బా

ఆక్సిజన్ మాస్కు తీయొద్దని నర్సు చెప్పి వెళ్ళడం ఇది మూడోసారి. ముక్కూ నోరూ కలిపి మూసేసి, రబ్బరు తాడు తల వెనక్కి లాగి బిగించి, గంటసేపు నోరెత్తకుండా పడుకోండి, ఒంటిగంటన్నరకి డాక్టరమ్మ వచ్చి మళ్ళీ చూస్తుంది అంది. గోడ గడియారంలో పన్నెండున్నర. పక్క మంచం మీద నా భార్య. మా మంచాల మధ్య ఒక స్టూలు పట్టేంత చోటు, చెయ్యి చాపితే అందుతుంది, చాపలేదు. తలంటు సగంలోనే ఆగిపోవడంతో జుట్టు నురగతోనే ఎండి దిండు మీద తాళ్ళు తాళ్ళుగా పడి ఉంది. కళ్ళు మూసుకుంది. ఆమె మాస్కు లోపల ఊపిరి మంచులా పట్టి, కరిగి, మళ్ళీ పడుతోంది. పట్టినప్పుడల్లా నా ప్రాణం కుదుటపడుతోంది, కరిగినప్పుడల్లా జారిపోతోంది. బుగ్గలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు చూసే కదా ఈ నెల రోజులూ నేను కుళ్ళిపోయింది. స్నానం చేసి వచ్చి అద్దం ముందు నిలబడితే కొత్త పెళ్ళికూతురిలా ఉండేది, ఈ కళ ఎవరి కోసం అని తలుపు సందులోంచి చూస్తూ లోపల్లోపల ప్రశ్నించుకునేవాణ్ణి. ప్రాణానికి భయం లేదంది డాక్టరమ్మ. గీజరు మంట సరిగ్గా కాలక పుట్టే విషవాయువట, కార్బన్ మోనాక్సైడ్, రంగూ వాసనా ఏమీ ఉండదట, గాలి అనుకుని పీల్చేస్తామట, బుగ్గల ఎరుపూ దాందేనట. నాకు ఆ పేరు కొత్త కాదు. మూడు వారాలుగా మా ఇంట్లో వినపడుతున్న పేరే. చెప్పిన నోరు మాత్రం నాకు గిట్టని నోరు.

అంబులెన్సులో కళ్ళు తెరిచి ఆమె అన్న మొదటి మాట "ఏమైంది?" అని. నేను చెయ్యి పట్టుకుని ఏం లేదు ఏం లేదు అంటూ ఏడుస్తున్నాను. రెండో మాట, "సారుకి ఫోన్ చెయ్యండి." నా చేతిలో ఆమె చెయ్యి ఉంది, నా చొక్కా ఆమె తడితో తడిసి ఉంది, నా భుజం తలుపు పగలగొట్టి వాచి ఉంది, ఆమెకి గుర్తొచ్చింది సారు. సారంటే ఆమె పనిచేసే బళ్ళో కెమిస్ట్రీ చెప్పే ఆయన. ఆమె సోషల్ చెబుతుంది. కిందింటి పెద్దావిడ మాతో పాటు అంబులెన్సు ఎక్కి కూర్చుంది, "నేను చేస్తాలే అమ్మా, నువ్వు కళ్ళు మూసుకో" అని వెంటనే నా భార్య ఫోనులోంచే చేసేసింది కూడా. అంటే ఆయన వస్తున్నాడు. నేను ఇలా పంజరంలో కోడిలా ముక్కుకి తొట్టి కట్టుకుని పడి ఉండగా వచ్చి, ఆ స్టూలు లాక్కుని మా ఇద్దరి మధ్యా కూర్చుంటాడు. "అన్నగారూ" అంటాడు. మొదటిసారి బడి గేటు దగ్గర పరిచయం చేసినప్పుడే అన్నగారూ అన్నాడు, నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడై ఉండి. సరే, నేను అన్ననైతే ఆమె వదిన కావాలి కదా? ఆమెని మాత్రం మేడం అంటాడు. ఈ లెక్క నేను ఆ రోజే పట్టుకున్నాను. భర్తకి చుట్టరికం, భార్యకి గౌరవం. ఇంటికొచ్చాక చెబితే పడీ పడీ నవ్వి, "మీకు కిటికీలు బిగించే పని కాదండీ, డిటెక్టివ్ పని ఇవ్వాల్సింది" అంది. ఆ నవ్వు కూడా గుర్తుపెట్టుకున్నాను. విషయం నవ్వి తోసేయడానికి నవ్విందా, నవ్వొచ్చి నవ్విందా అని రెండు రోజులు ఆలోచించాను. మూడో అంతస్తు బయట తాడు మీద వేలాడుతూ అల్యూమినియం చట్రానికి స్క్రూలు బిగిస్తూ కూడా అదే ఆలోచన.

తలనొప్పులు అప్పుడే మొదలయ్యాయి. పొద్దున లేచి స్నానం చేసి వంటింట్లోకి వచ్చేసరికి నుదురు పట్టుకుని ఉండేది. కడుపులో తిప్పుతోందనేది. టిఫిను ముందు పెట్టుకుని కెలికి లేచిపోయేది. పలకరిస్తే విసుక్కునేది, ఆమె విసుక్కునే మనిషి కాదు. సాయంత్రం బడి నుంచి వచ్చేటప్పుడు బాగానే ఉండేది, గడప దాటి గంట గడిస్తే మళ్ళీ మొహం వాడిపోయేది. ఆదివారాలు మరీ ఘోరం, మంచం దిగేది కాదు. నేను ఇంట్లో ఉండే రోజు కదా ఆదివారం. నేను చన్నీళ్ళ స్నానం చేసేవాణ్ణి, పొద్దున ఏడింటికల్లా పనికి పోయి చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి, నాకు ఏ తలనొప్పీ లేదు. ఇదంతా ఎటు తిరిగి చూసినా ఒకటే చెబుతోంది అనుకున్నాను. ఇల్లు పడటం లేదు ఆమెకి. ఇల్లంటే నేను. ఒకరోజు అన్నం డబ్బా మరిచిపోయి వెళ్ళింది, ఈమధ్య అన్నీ మరిచిపోతోంది, తాళాలు ఫ్రిజ్‌లో పెట్టింది, పాలు పొయ్యి మీద పెట్టి నిలబడి చూస్తూనే పొంగబెట్టింది, మనసు ఇక్కడ ఉంటే కదా. డబ్బా పట్టుకుని బడికి వెళ్ళాను. మధ్యాహ్నం, వరండాలో ఎండ. స్టాఫ్ రూం ముందు ఆమె, ఆ సారు, ఇంకో ఇద్దరు. ఆయన ఏదో చెబుతున్నాడు, చేతులు గాల్లో తిప్పుతూ, ఆమె నవ్వుతోంది. కళ్ళు మెరుస్తున్నాయి. పొద్దున నా ముందు శవంలా కూర్చున్న మనిషి. నేను డబ్బా వాచ్‌మన్ చేతికిచ్చి వెనక్కి వచ్చేశాను. దారంతా ఆ ఎండ, ఆ నవ్వు. ఎండలో, ఆరుబయట, మంచి గాలి పీల్చుకుంటూ నవ్వుతోందని నాకెలా తెలుస్తుంది?

ఆయనకి మాత్రం తెలిసింది. అదే నా కడుపుమంట. బళ్ళో బాగుండి, ఇంట్లో తలనొప్పులు అని ఆమె ఎప్పుడో మాటల మధ్య అన్నదట, నేను రోజూ కళ్ళతో చూసి ఒక అర్థం తీసుకుంటే, ఆయన ఒక్క వాక్యం విని ఇంకో అర్థం తీసుకున్నాడు. మీ ఇంట్లో గీజరు గ్యాస్‌దా అని అడిగాడట. ఎక్కడ పెట్టారు, గాలి ఆడుతుందా అని అడిగాడట. మర్నాడు ఒక తెల్ల డబ్బా కాగితంలో చుట్టి ఇచ్చాడట. ఆమె సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది. అరచేతిలో పట్టేంత ఉంది, ముందు చిన్న తెర, ఒక మీట. "డిటెక్టరట అండీ. ఆ గ్యాస్ ఉంటే కూస్తుందట. పడగ్గది బయట పెట్టమన్నారు, గీజరుకి మరీ దగ్గరగా వద్దట, మన తల ఎత్తులో." నేను తిప్పి చూశాను. కొత్తది కాదు. వెనక స్క్రూలు దిగిన గుర్తులున్నాయి, అంచున ఆకుపచ్చ గోడరంగు పెచ్చు ఒకటి అంటుకుని ఉంది. లేత ఆకుపచ్చ. పడగ్గదులకి వేసే రంగు. ఈ గోడ ఆమె చూసిందా? ఈ డబ్బా ఆ గోడ మీద ఉండగా, ఆ గదిలో, ఆమె ఎప్పుడైనా... గోటితో ఆ పెచ్చు గీకాను, రాలేదు. "వాడేసింది ఇచ్చాడా మహానుభావుడు" అన్నాను. "ఏదో ఒకటి, మోగితే చాలు కదా" అంది. "మోగితే వెంటనే ఫోన్ చెయ్యమన్నారు, ఎంత పనిలో ఉన్నా వస్తానన్నారు."

ఎంత పనిలో ఉన్నా వస్తాడట. ఆ ఒక్క మాటతో ఆ డబ్బా మా ఇంటి గోడ ఎక్కడానికి పన్నెండు రోజులు పట్టింది. రోజుకి ముప్ఫై రంధ్రాలు వేసేవాణ్ణి నేను, నా డ్రిల్లు ఇంట్లోనే ఉంటుంది, రెండు స్క్రూల పని. రేపు అన్నాను, బిట్టు అరిగింది అన్నాను, ఆ గోడ గుల్లగా ఉంది అన్నాను. పదమూడో రోజు ఆమె స్టూలు వేసుకుని సుత్తీ మేకూ పట్టుకుని ఎక్కింది, ఎక్కి తల తిరిగి గోడ పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు లాక్కుని బిగించాను. వంకర లేకుండా, మట్టం పెట్టి చూసి మరీ బిగించాను, పని చెడగొట్టడం నా చేతులకి రాదు. మీట నొక్కితే కుయ్యిమని నాలుగుసార్లు కూసింది, ఆమె చప్పట్లు కొట్టింది, తెర మీద సున్నా వెలిగింది. ఆ రాత్రి నుంచి పడగ్గది గుమ్మం పక్కన ఒక చిన్న ఆకుపచ్చ దీపం, నిమిషానికోసారి కన్ను కొడుతూ. మా పడగ్గది గుమ్మం పక్కన. ఆయన కన్ను.

అయినా అసలు గాలి ఆపింది ఎవరు? ఈ మాట ఇందాకటి నుంచి తోస్తున్నాను, మళ్ళీ వచ్చి కూర్చుంటోంది. గీజరు వెనక బాల్కనీలో ఉంది. మేం ఆ ఇంట్లో దిగినప్పుడు ఆ బాల్కనీ మూడువైపులా తెరిచే ఉండేది, పొగా ఆవిరీ ఎటు పోవాలో అటు పోయేవి. స్నానాల గది వెంటిలేటరు దాంట్లోకే తెరుచుకుంటుంది. ఆమె పొద్దున అక్కడ బట్టలారేస్తూ కూనిరాగం తీసేది. ఎదురు భవనంలో ఒక బ్రహ్మచారి, పూలకుండీలకి నీళ్ళు పోసే నెపంతో సరిగ్గా అదే వేళకి వచ్చేవాడు. ఒకరోజు మల్లె అంటు ఎలా కట్టాలో ఇటు నుంచి ఈమె, అటు నుంచి అతను, వీధి మీదుగా కేకలేసుకుంటూ మాట్లాడుకున్నారు. మరుసటి ఆదివారం నేను కొలతలు తీసుకున్నాను. చలికాలం వస్తోంది, నీకు చలి పడదు కదా అన్నాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఇంకో పని చేయలేదు. అవతలికి కనపడని గరుకు అద్దం, జంట రబ్బరు, అంచంచునా సిలికాన్. అగ్గిపుల్ల గీసి నాలుగు మూలలా పట్టుకుని చూశాను, మంట వణకలేదు. అంత గట్టిగా మూశాను. ఆమె లోపల నిలబడి "అబ్బ, ఎంత వెచ్చగా ఉందండీ" అని నా మెడ చుట్టూ చేతులేసింది. బళ్ళో అందరికీ చెప్పుకుంది, మా ఆయన నా కోసం బిగించారు, బయట చేయిస్తే ఎంతవుతుందో తెలుసా అని. నా కోసం. ఎదురింటాయన తర్వాత ఇంకో ఊరు వెళ్ళిపోయాడు. అద్దాలు ఉండిపోయాయి.

మంగళవారం. పక్క మంచం మీద ఆమె కాస్త కదిలింది, దగ్గింది, మళ్ళీ ఊపిరి మంచు పట్టింది. మంగళవారం సాయంత్రం ఆమె స్నానానికి వెళ్ళిన పావుగంటకి గోడ మీద డబ్బా కూసింది. నాలుగు కూతలు, ఆగి మళ్ళీ నాలుగు. నేను పరుగెత్తాను. పరుగెత్తింది ఏదో ప్రమాదమని కాదు, ఆమెకి వినపడకముందే ఆపాలని. తెర మీద నూట పద్దెనిమిది. ఆ అంకె చూశాను, బాగా చూశాను, ఇప్పుడు కళ్ళు మూసినా కనపడుతోంది. వినపడితే ఏమవుతుంది, ఆమె తడి జుట్టుతోనే ఫోను అందుకుంటుంది, సారూ మోగింది అంటుంది, పావుగంటలో ఆయన మా గుమ్మంలో ఉంటాడు, అన్నగారూ అంటూ నేను కట్టిన బాల్కనీలోకి వెళ్ళి నా అద్దాలకేసి చూసి తల ఆడిస్తాడు. నేను డబ్బా గోడ మీంచి లాగేసి, వెనక మూత తీసి బ్యాటరీలు పెరికేశాను. కూత సగంలో తెగిపోయింది. ఆమె బయటికి వచ్చి, "ఏదో చప్పుడైనట్టుంది?" అంది. బ్యాటరీ అయిపోతే అలాగే కూస్తుందన్నాను. మర్నాడు బడి నుంచి వస్తూ కొత్త బ్యాటరీలు కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టింది. రేపు వేస్తానన్నాను, ఆ తర్వాత ఆమెకి అది గుర్తే రాలేదు. డబ్బాని తువ్వాలులో చుట్టి అల్మారాలో నా బట్టల కింద తోశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. గుమ్మం పక్కన కన్ను లేదు.

ఇవాళ బడికి సెలవు, నాకూ పని లేదు. పదిన్నరకి తలంటుకుంటానని వెళ్ళింది. వెళ్ళే ముందు మాటా మాటా అనుకున్నాం, పెద్దదేం కాదు, రేపు ఎవరింటికో అందరూ భోజనాలకి వెళ్తున్నారట, సారు కుటుంబం కూడా వస్తుందట. "నువ్వు వెళ్ళు, నేనెందుకు" అన్నాను. "మీరు రాకపోతే నేనూ వెళ్ళను" అంది. త్యాగమా అన్నాను. తలుపేసుకుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. పదకొండైంది. చప్పుడు మారలేదు, ఒకే ధారగా పడుతోంది. మనిషి స్నానం చేస్తుంటే నీళ్ళు ఒకే ధారగా పడవు. అది నాకు తెలుసు. తెలిసి కూడా లేవలేదు. ఏడుస్తోంది, ఏడవనీ అనుకున్నాను. ఎవరి కోసం ఏడుస్తోందో అని కూడా అనుకున్నాను. పిలిస్తే నేను ఓడిపోయినట్టు. పదకొండుంపావుకి తలుపు కింద నుంచి నురగ నీళ్ళు పాకుతూ వచ్చి నా కాలికి తగిలాయి, గోరువెచ్చగా. పిలిచాను. పలకలేదు. రెండుసార్లు భుజంతో గుద్దాను, మూడోసారికి గొళ్ళెం ఊడింది. ఆమె గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఉంది, తల ఒక్కటే వాలిపోయింది. చీర చుట్టి ఎత్తుకుని మెట్ల దాకా వచ్చేసరికి నా మోకాళ్ళు కూడా వంగిపోయాయి, కిందింటి పెద్దావిడని కేకేసింది నేనేనా అన్నది గుర్తులేదు. పావుగంట. ఆ పావుగంట ఏ డాక్టరమ్మా అడగదు.

ఒంటిగంటకి పది నిమిషాలుండగా ఆయన వచ్చాడు. అనుకున్నట్టే స్టూలు లాక్కున్నాడు, కానీ కూర్చోలేదు, మా ఇద్దరికేసీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఎంత కంగారు, పరాయివాడి భార్యకి ఎంత కంగారు అనుకున్నాను. ఆమె కళ్ళు తెరిచింది. ఆయన్ని చూసి కళ్ళతోనే నవ్వింది. నా కోసం ఇందాకటి నుంచీ తెరవని కళ్ళు. ఆయన నా వైపు వంగాడు.

"అన్నగారూ, డబ్బా మోగలేదా?"

తల అడ్డంగా ఊపాను. అంతే చేశాను. మాస్కు ఉంది, మాట్లాడకూడదన్నారు, తల ఊపితే చాలు. ఆయన మొహం తెల్లబోయింది. స్టూలు మీద కూలబడ్డాడు. "అయ్యో" అన్నాడు. "నేను కొత్తది కొనివ్వాల్సింది. వెంటనే దొరకలేదు, వారం పడుతుందన్నారు, వారం ఎందుకు ఆగాలని మా పాప గదిలోంచి తీసి ఇచ్చాను. రెండేళ్ళుగా ఉంది ఆ గోడ మీద. నెలనెలా మీట నొక్కి చూసేవాణ్ణి, కూసేది. పాడైందని నాకు..." రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "పాడైన దాన్ని తెచ్చి మీ ఇంట్లో పెట్టించాను. ధైర్యంగా ఉండండని కూడా చెప్పాను."

పాప గది. లేత ఆకుపచ్చ. నేను ఇన్ని రోజులూ ఆ పెచ్చు మీద ఎన్ని గదులు కట్టాను. అయినా నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు సిగ్గు కాదు కలిగింది. ఏదో చల్లగా గుండెల్లోకి దిగింది. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు, నా భార్య చూస్తుండగా. అన్నీ తెలిసిన సారు, ఒక్క వాక్యం విని జబ్బు పట్టేసిన సారు, చేసిన సాయం తుస్సుమన్నది. ఇక ఆ పేరు మా ఇంట్లో వినపడదు. నేను నోరు కూడా మెదపక్కర్లేదు, మాస్కు వెనక హాయిగా పడుకుంటే చాలు. ఆమె మాస్కు కాస్త ఎత్తి, "మీ తప్పేముంది సార్, మీరు చెప్పకపోతే మాకు అసలు తెలిసేదే కాదు" అంది, గొంతు పీలగా. ఓదారుస్తోంది. ఓడినా ఓదార్పు ఆయనకే.

ఆయన లేచి వరండాలోకి వెళ్ళాడు. కిటికీ పక్కనే నిలబడి ఫోను చేశాడు, ప్రతి మాటా వినపడుతోంది, నేను వినాలనే విన్నాను. వాళ్ళావిడతో. "పాపని ఆ గదిలో పడుకోబెట్టకు. లేదు, కొత్తది కూడా అదే కంపెనీది, నమ్మలేను. గ్యాసు కట్టెయ్. కిటికీలన్నీ తీసెయ్, చలేసినా సరే. రెండేళ్ళు పాప దాని కింద పడుకుందే, అది పనిచేస్తుందనుకుని మనం పడుకున్నామే." ఫోను ఇంకో చెవికి మార్చాడు. "మేడంని చూస్తే భయమేసింది. నా చేతులతో ఇచ్చాను." ఒక మగవాడు తన పిల్ల గదిలోంచి తీసి ఇచ్చిన వస్తువు. నేనైతే ఇవ్వను. అది నాకు అప్పుడు తెలిసింది, నేనైతే ఎవరికీ ఇవ్వను అని, దానికీ ఆయన మీద అసూయే పుట్టింది, ఇంకో రకం అసూయ. ఇది పాతదాని కన్నా అరగనిది. పాతదానికి కనీసం ఆయన తప్పు చేస్తున్నాడన్న ఆధారం ఉండేది.

డాక్టరమ్మ ముందుగానే వచ్చింది. కాగితాలు చూసుకుంటూ నా రక్తంలో విషం చాలావరకు దిగిందంది, ఈవిడకి ఇంకా దిగాలంది. "ఇంట్లో డిటెక్టరేదీ లేదా?" అని అడిగింది. గుమ్మంలోంచి సారు లోపలికి వచ్చి, బళ్ళో పిల్లాడు తప్పు ఒప్పుకునేటప్పుడు నిలబడినట్టు నిలబడి, "ఉందండీ. నేనిచ్చిందే. మోగలేదు. నాది పొరపాటు" అన్నాడు. ఆవిడ కలం తీసి, "ఏ కంపెనీదో చెప్పండి, రాసుకుంటాను, ఇంకెవరూ కొనకుండా చూడొచ్చు" అంది. ఆయన జేబులు తడుముకుంటున్నాడు. నా భార్య ఆయనకేసి జాలిగా చూస్తోంది. నేను మాస్కు లాగేశాను.

"మోగింది" అన్నాను.

అందరూ ఇటు తిరిగారు. నర్సు మాస్కు కోసం చెయ్యి చాపింది, తోసేశాను. "మంగళవారం మోగింది. నాలుగు కూతలు, ఆగి మళ్ళీ నాలుగు. నూట పద్దెనిమిది చూపించింది. నేనే తీసేసి బ్యాటరీలు పీకేశాను. ఈవిడకి నెల రోజులుగా తలనొప్పులు, వాంతులు. మతిమరుపు కూడా."

"పాడైందనుకున్నారా?" అంది డాక్టరమ్మ. దయగా అడిగింది. అవునంటే అయిపోయేది, ఎంతమంది అలా అనుకోరు. అవునన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"కాదండీ. అది ఆయన ఇచ్చాడని."

సారు వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరో నిలబడి ఉన్నట్టు. ఎవరూ లేరు. మళ్ళీ నా వైపు తిరిగాడు. అర్థం కావడానికి ఆయనకి చాలాసేపు పట్టింది, అంత తెలివైనవాడికి. అంటే ఆ ఆలోచన ఆయన బుర్రలోకి ఎప్పుడూ దూరలేదు, ఒక్కసారి కూడా. నా భార్యకి మాత్రం వెంటనే అర్థమైంది. నేను చూస్తుండగానే ఆమె కళ్ళు ఒక్కొక్కదాన్నే వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాయి, ఆ డబ్బా, ఆ బ్యాటరీలు, గేటు దగ్గర అన్నగారూ, రేపటి భోజనాలు. మాస్కు లోపల ఊపిరి మంచు గబగబా పట్టి కరుగుతోంది. డాక్టరమ్మ కలం మూసి, "అలా అయితే ఈవిణ్ణి ఇవాళ పంపను, నరాల డాక్టరు చూడాలి, జ్ఞాపకశక్తి పరీక్షలు చేయాలి. మీరు చెప్పడం మంచిదైంది" అంది, కానీ నా మొహంకేసి చూడకుండా అంది.

సారే మాట్లాడాడు చివరికి. "గీజరు కట్టేశారా?" గుర్తు లేదన్నాను. నిజంగా గుర్తు లేదు. నీళ్ళు ఇంకా పడుతున్నాయేమో, మంట ఇంకా మండుతోందేమో. "కింద వాటాలో పిల్లలున్నారు కదా" అన్నాడు, "తాళం ఇవ్వండి." ప్యాంటు జేబులోంచి తీశాను. నా ఇంటి తాళం, ఏ మగాడూ అడుగుపెట్టకూడదని నేను చట్రాలు బిగించుకున్న ఇంటి తాళం, ఆయన అరచేతిలో పెట్టాను. "వెంటనే లోపలికి వెళ్ళకండి, తలుపు తీసి కాసేపు మెట్ల మీద నిలబడండి" అన్నాను. "వెనక అద్దాలు తెరుచుకోవు. నేను తెరుచుకోకుండా బిగించాను. సుత్తి సింకు కింద ఉంది, పగలగొట్టేయండి." తల ఊపాడు. వెళ్ళే ముందు వంగి, నర్సు చేతిలోంచి మాస్కు తీసుకుని నా మొహానికి పెట్టాడు. "ముందు ఇది పెట్టుకోండి" అన్నాడు. అన్నగారూ అనలేదు. నెల రోజులుగా ఆ పిలుపు వింటే ఒళ్ళు మండే నాకు, అది లేని చోటు మాటలో గుంటలా తగిలింది.

వాళ్ళంతా వెళ్ళాక నర్సు, "మధ్యలో తెర వేయమంటారా?" అని అడిగింది. నన్ను కాదు, ఆమెని. "వేయండి" అంది. కడ్డీ మీద రింగులు గరగరా జరిగాయి, నీలం గుడ్డ వచ్చి ఆమె జుట్టునీ బుగ్గలనీ మంచులా పట్టే ఊపిరినీ కప్పేసింది. ఏడుస్తోందా, నిద్రపోతోందా, కోపంగా పైకప్పుకేసి చూస్తోందా, ఏమీ తెలియదు. తెలుసుకోవాలనే ఉంది. అసూయ ఆక్సిజన్‌తో దిగే విషం కాదు కదా, ఇంకా నా రక్తంలోనే ఉంది, సారు ఇప్పుడు మా పడగ్గది దాటి వెళ్తుంటాడని, ఆమె బట్టలు తీగ మీద చూస్తాడని, ఇంకా గీకుతూనే ఉంది. అప్పుడు నా దిండు పక్కన ఫోను మోగింది. ఆమెది. అంబులెన్సు దిగేటప్పుడు కిందింటి పెద్దావిడ నా చేతిలో పెట్టింది. ఫోను తెర వెలుగు దిండు మీద పడుతోంది. చెయ్యి వేశాను. పేరు కనపడకుండా బోర్లించి, నీలం గుడ్డ కింద నుంచి అటు చాపాను. కాసేపు ఎవరూ అందుకోలేదు. తర్వాత ఆమె వేళ్ళు తగిలాయి, చల్లగా.

"ఎవరు?" అంది.

"చూడలేదు" అన్నాను.

ఫోను ఆమె చేతిలో మోగుతూనే ఉంది. ఇక ఆగిపోతుందనగా, "హలో" అంది, చాలా మెల్లగా, ఎవరితోనో. నా చెవులు రెండూ అటే నిక్కబొడుచుకున్నాయి. నేను గోడ వైపు తిరిగి, మాస్కు మొహానికి అదుముకుని, ఆ మాటలు నాకు వినపడనంత చప్పుడయ్యేలా గట్టిగా ఊపిరి పీల్చడం మొదలుపెట్టాను.